కంప్యూటర్ నెట్‌వర్కింగ్‌లో పీహెచ్‌డీ గైడు వెతుక్కుంటున్నారా, సారు పేపర్ల లెక్క ఇలా చూడండి

మా విజయనగరంలో ఎంటెక్ అయిపోయినోళ్లు వారానికొకరైనా అడుగుతున్నారు, అన్నా ఫలానా సారుకి సైటేషన్లు 2000 దాటాయంట, పీహెచ్‌డీకి చేరిపోవచ్చా అని. సైటేషనంటే ఒకరి పేపర్ని ఇంకొకరు తమ పేపర్లో పేర్కోవడం. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా, ఒక పూట కూర్చుంటే అయిపోయే పనే.

ముందు పేరు సంగతి తేల్చుకోవాలి. ఇదేటి పెద్ద పని అనుకోకండి, మనవైపు అసలు గోలంతా ఇక్కడే. పైడితల్లమ్మ పేరు మీద పైడిరాజులు, అరసవిల్లి దేవుడి పేరు మీద సూర్యనారాయణలు వీధికి నలుగురు, పైగా ఒక పేపర్లో ఇంటిపేరు ముందుంటాది, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో ఉత్త పొడి అక్షరమే. నేనోసారి ఒక సారుకి, మీ వైర్‌లెస్ పేపరు చదివానండీ చాలా బాగుంది అని మెయిల్ పెడితే "అది నాది కాదు బాబూ" అని ఒక్క లైను రిప్లై వచ్చింది, మళ్లీ ఆయనకి రాయడానికి మొహం చెల్లలేదు. పేపర్లూ వాటి సైటేషన్లూ చూపించే గూగుల్ స్కాలర్ ప్రొఫైల్లో పేపర్లు వాటంతటవే చేరిపోయే సెట్టింగు ఉంటాది, ఆ సారు చూసుకోకపోతే పక్కోడివి కూడా వచ్చి కూర్చుంటాయి.

అందుకని స్కాలర్ ఒక ట్యాబులో, డీబీఎల్‌పీ ఇంకో ట్యాబులో తెరిచి పెట్టుకోండి. ఈ డీబీఎల్‌పీ జర్మనీలోని ట్రియర్‌లో 1993లో మొదలైన లిస్టు, మొత్తం కంప్యూటర్ సైన్స్ పేపర్లే. ఒకే పేరుతో చాలామంది ఉంటే పేరు పక్కన 0001, 0002 అని నంబర్లేసి విడగొడతారు. పేపరు పక్కన నీలం గుర్తుంటే కాన్ఫరెన్సు, ఎరుపుంటే జర్నల్. నీలం చూసి తక్కువ అనుకోకండి, వేరే బ్రాంచీల్లో జర్నల్‌కే బరువు గానీ నెట్‌వర్కింగ్‌లో మంచి పని ముందు సిగ్‌కామ్, ఎన్‌ఎస్‌డీఐ, ఐఎంసీ, మొబికామ్ లాంటి కాన్ఫరెన్సుల్లోకే పోతుంది. డబ్బు కడితే చాలు వేసేసే జర్నల్లో 30 పేపర్లున్నా నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు హెచ్ ఇండెక్స్. హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన 2005లో పెట్టిన లెక్క ఇది, చేత్తోనే వేసుకోవచ్చు. ఒక్కోదానికి కనీసం ఐదు సైటేషన్లున్న పేపర్లు ఐదుంటే హెచ్ 5, అలా కుదిరే పెద్ద అంకే హెచ్. ఒకాయన పేపర్ల సైటేషన్లు పెద్దవి ముందు పెట్టి రాస్తే 40, 22, 9, 5, 4, 3, 1 అనుకోండి. నాలుగోదానికి 5 ఉన్నాయి, నాలుగుకి తగ్గలేదు, సరే. ఐదోదానికి 4 ఉన్నాయి, ఐదు కావాలి, చాల్లేదు. కాబట్టి హెచ్ 4. పదీ ఆపైన ఉన్నవి రెండే కాబట్టి ఐ10 ఇండెక్స్ 2. రేపు ఆ 40 కాస్తా 4000 అయినా హెచ్ మాత్రం 4 దగ్గరే ఉంటాది, అదీ దీంతో వచ్చిన చిక్కు.

సైటేషన్ లెక్కకి అందని పనీ ఉంటాది, నెట్‌వర్కింగ్ పరిశోధకుడు వాన్ జాకబ్సన్ సంగతే చూడండి. 1986 అక్టోబరులో అమెరికాలోని బర్క్‌లీలో ల్యాబుకీ యూనివర్సిటీకీ మధ్య, ఉన్నది 400 గజాలే, నడిచెళ్లి కాయితం చేతికిచ్చి రావచ్చు, అక్కడ నెట్ స్పీడు సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. ఎందుకలా అయిందో తవ్వుకుంటూ పోయి 1988లో సిగ్‌కామ్‌లో పేపరు వేశాడు, స్లో స్టార్ట్ (డేటా కొంచెంతో మొదలెట్టి పెంచుకుంటూ పోవడం) అని మనం పరీక్షకి బట్టీ కొట్టేది అందులోదే. అది ఇంటర్నెట్ నియమాలు రాసే ఆర్‌ఎఫ్‌సీల్లోకి ఎక్కింది, నెట్‌లో డేటా చేరవేసే టీసీపీ కోడ్‌లోకి ఎక్కింది, మన ఫోన్లో వీడియో ఆడినప్పుడల్లా పనిచేస్తానే ఉంది, దాన్ని ఏ సైటేషన్ లెక్కలో వేస్తారు? అందుకే సారు పేరు ఆ ఆర్‌ఎఫ్‌సీలు తయారుచేసే ఐఈటీఎఫ్ సంస్థ డేటాట్రాకర్ సైట్లో కూడా ఒకసారి కొట్టి చూడండి, ఆర్‌ఎఫ్‌సీ ఒక్కటి కనపడినా మామూలు విషయం కాదు.

ఇక అసలు పని. సారు పేపర్లలో ఎక్కువ సైటేషన్లున్న మూడింటికి 'సైటెడ్ బై' నొక్కి మొదటి రెండు పేజీలు చదవండి. సారూ సారు స్టూడెంట్లే ఒకళ్లనొకళ్లు సైట్ చేసుకుంటుంటే, పెళ్లి కట్నాల చదివింపుల్లాగా నువ్వు నాకు నేను నీకు అన్నట్టుంటే, అక్కడే తెలిసిపోతాది. బయటోళ్లు సైట్ చేసినవి ఓ రెండు తెరిచి సారు పేరు ఎక్కడొచ్చిందో వెతకండి. ఉపోద్ఘాతంలో బ్రాకెట్లో పది నంబర్ల మధ్య ఒక నంబరైతే వదిలేయండి. సారు పద్ధతినే వాడి, దాంతో పోల్చి గ్రాఫ్ గీశారంటే అలాంటిదొక్కటి చాలు. పాత పనులన్నీ ఒకచోట సమీక్షించే సర్వే పేపర్లకి సైటేషన్లు ఎలాగూ దండిగా వస్తాయి, వాటిని పక్కన పెట్టి మళ్లీ కూడుకోండి. నేనలా చేస్తే ఒకాయన లెక్క సగానికి పైగా ఎగిరిపోయింది.

చివర్న ఈ నాలుగైదేళ్ల పేపర్లు తీసి మొదటి పేరు ఎవరిదో చూడండి. స్టూడెంట్ పేర్లు ముందుంటే ఆ స్టూడెంట్లలో ఒకరిని పట్టుకుని, ఫస్ట్ డ్రాఫ్ట్ ఇచ్చాక సారు ఎన్నాళ్లకి చదివి తిరిగిచ్చారన్నా అని అడగండి.