విద్యార్థి నాయకులకు తగవులు తీర్చడం నేర్పడం ఎలా?

కళాశాల సంఘాల్లో తగవులు ఎక్కువగా డబ్బు ఎవరు ఖర్చు పెట్టారు, పని ఎవరు చేశారు, పేరు ఎవరికి వచ్చింది అన్న వాటి మీదే మొదలవుతాయి. శిక్షణ కూడా వీటి చుట్టూనే సాగాలి. సామరస్యం మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తే వినేవాళ్లకు నిద్ర వస్తుంది, అంతే.

1. ముందు ఎవరి తీరు ఏమిటో వాళ్లకే తెలియాలి. అమెరికా మేనేజ్‌మెంట్ పండితులు కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ 1970లలో రూపొందించిన ప్రశ్నావళిలో 30 జతల వాక్యాలుంటాయి. తగవు వచ్చినప్పుడు మనం పట్టుబడతామా, తప్పుకుంటామా, ఒప్పేసుకుంటామా, చెరిసగం అంటామా, కలిసి దారి వెతుకుతామా అన్నది అందులో తేలుతుంది. ఐదింటికీ తగిన సందర్భం ఉంది. చిన్న విషయంలో తప్పుకోవడమే తెలివి.

2. అడిగేది వేరు, అవసరం వేరు అని చూపించండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. తగవుల పరిష్కారం మీద రాసిన అమెరికా రచయిత్రి మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో ఒక ప్రసంగంలో తన అనుభవమే చెప్పారు. గ్రంథాలయంలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూయాలన్నారు. చివరికి పక్క గదిలో కిటికీ తెరిచారు. అవతలివారికి కావలసింది గాలి, ఆమెకు అక్కర్లేనిది నేరుగా తగిలే ఈదురుగాలి. కిటికీని సగం తెరిచి ఉంటే ఇద్దరికీ అసంతృప్తే మిగిలేది. ఈ కథ చెప్పి, తమ సంఘంలోని ఒక తగవులో "ఎందుకు కావాలి?" అన్న ప్రశ్నకు జవాబులు రాయమనండి.

3. నటింపజేయండి. నలుగురేసి జట్టు: ఇద్దరు తగవు పడేవాళ్లు, ఒక మధ్యవర్తి, ఒక పరిశీలకుడు. వార్షికోత్సవంలో వేదిక సమయం కోసం నాటక బృందం, సంగీత బృందం పోటీపడుతున్నాయనుకోండి. మధ్యవర్తి ఇరువైపుల మాటనూ తన మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్లు "అవును, అదే" అనేదాకా సలహా ఇవ్వకూడదు. నాయకులకు ఇదే కష్టం, తీర్పు చెప్పాలని నోరు ఊరుతూ ఉంటుంది! సగంలో పాత్రలు మార్చండి.

4. హద్దు గట్టిగా గీయండి. లైంగిక వేధింపులు, బెదిరింపులు, దాడి వంటివి రాజీ చేసే విషయాలు కావు. వెంటనే కళాశాల అధికారులకు చెప్పాలి. తగవులో నాయకులు తామే ఒక పక్షమైతే మధ్యవర్తిత్వం మరొకరికి అప్పగించాలి.

5. ఒప్పందాన్ని కాగితం మీద పెట్టించండి: ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా. వారం తర్వాత ఇద్దరినీ విడివిడిగా అడిగి అమలు చూడాలి. ఎదురెదురుగా అడిగితే ఇద్దరూ "అంతా బాగుంది" అనే అంటారు.