కుక్కతో కలిసి ఉద్దానం తోటింట్లో నాలుగు రోజులు ఉండాలంటే

"కుక్కని తెచ్చుకోండి, మాకేం ఇబ్బంది లేదు" అని ఫోన్లో చెప్పగానే గది బుక్ చేసేయకండి. ఆ మాటకి ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం ఉంటుంది. మొదటిసారి మా కుక్క చిట్టిని తీసుకుని విజయనగరం నుంచి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సోంపేట వైపు ఒక కొబ్బరితోట గెస్ట్ హౌస్‌కి వెళ్లాం. మేం దిగగానే ఆ ఇంటి పెద్దాయన పశువులశాల పక్కన ఉన్న రాట చూపించి "అక్కడ కట్టేయండి బాబూ, మా కుక్కలు కూడా బయటే ఉంటాయి" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆయనకి కుక్క అంటే వాకిట్లో ఉండేది, మాకు చిట్టి అంటే మంచం కింద పడుకునేది. ఆ సంగతి రెండు వైపులా ఎవరూ ముందు మాట్లాడుకోలేదు, అంతే. ఆ రాత్రి వరండాలో దాని పక్కనే చాప వేసుకుని పడుకున్నాను.

అందుకే ఇప్పుడు ఫోన్లోనే అన్నీ అడిగేస్తాను. రాత్రి గదిలో మాతో పాటు పడుకోవచ్చా, చుట్టూ ప్రహరీ ఉందా లేక ముళ్లకంచేనా, కంచె కింద కుక్క దూరేంత సందు ఉందా, నాటుకోళ్లు, మేకలు వదిలేసి ఉంటాయా, వాళ్లకి సొంత కుక్కలున్నాయా, ఉంటే అవి కొత్త కుక్కని చూస్తే ఎలా ఉంటాయి, గట్టు లేని బావి ఏమైనా ఉందా, ఆ రోజుల్లో చిన్నపిల్లలున్న ఇంకో కుటుంబం దిగుతోందా, కుక్కకి విడిగా డబ్బులు తీసుకుంటారా. మొహమాటపడొద్దు. వీలైతే ఆవరణ అంతా ఒక చిన్న వీడియో తీసి వాట్సాప్‌లో పంపమనండి. అలాగే మనం కూడా నిజం చెప్పాలి. మీ కుక్క కోళ్ల వెంట పడుతుందంటే పడుతుందని, కొత్తవాళ్లని చూసి మొరుగుతుందంటే మొరుగుతుందని ముందే చెప్పేయండి. ఒకావిడ నాతో "మా అత్తగారున్నాది, దేవుడి గది వైపు, వంటింటి వైపు మాత్రం రానివ్వకండమ్మా, మిగతాదంతా మీ ఇష్టం" అన్నారు. అంత స్పష్టంగా చెప్పే ఇల్లు దొరికితే వదులుకోకండి. ఆ తర్వాత రెండుసార్లు మేం ఆవిడ దగ్గరికే వెళ్లాం.

బయల్దేరే ముందు రేబిస్ టీకా గడువు చూసుకోండి, అది ఏటా వేయించాలి. ఆ కార్డు ఫోటో ఫోన్లో ఉన్నా సరే, అసలు కార్డు కూడా బ్యాగులో పెట్టుకోండి. వానాకాలం వెళ్తుంటే లెప్టోస్పైరోసిస్ టీకా గురించి డాక్టర్ని అడగండి, ఎందుకంటే ఎలుకల మూత్రం కలిసిన పొలం నీళ్ల నుంచి కుక్కలకీ మనుషులకీ కూడా ఆ జబ్బు వస్తుంది. గోమార్ల మందు ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందే వేసేయాలి. దాని దుప్పటి, గిన్నె, అలవాటైన తిండి, రెండు గొలుసులు, మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉంటే సామాను సరిపోయినట్టే.

కారులో వెళ్తే బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి పెట్టేయండి, దారిలో నీళ్లు చాలు. జాతీయ రహదారి 16 మీద ధాబాల దగ్గర ఆపినప్పుడు తలుపు తీయకముందే గొలుసు తగిలించండి, అక్కడ లారీలూ ఉంటాయి, ఎంగిలి మెతుకుల కోసం తిరిగే కుక్కలూ ఉంటాయి. వాంతులవుతాయని మనుషుల మాత్రలు మాత్రం వేయొద్దు. రైలైతే, కుక్కని మనతో పాటు ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మనకే ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో ఒప్పుకోరు. లేదంటే గార్డు పెట్టెలో ఉండే డాగ్ బాక్స్‌లో పెట్టాలి. నేనైతే మన ఎండల్లో ఆ పెట్టెలో పంపను.

ఇక అసలు టెన్షన్ ఊరి కుక్కలతోనే. ఊళ్లోకి కొత్త కుక్క అడుగుపెట్టిందంటే వీధి వీధంతా లేస్తుంది. మొదటి రోజు సాయంత్రం ఊళ్లోకి షికారు పెట్టుకోకండి. తోట లోపలే తిప్పండి, వాసనలు చూడనివ్వండి, ప్రయాణం బడలిక తీరనివ్వండి. మర్నాడు బయటికి వెళ్లేటప్పుడు తోట కాపలాదారునో ఆ ఇంటి కుర్రాడినో వెంట రమ్మనండి, ఊరి కుక్కలకి వాళ్లు తెలుసు, వాళ్లు ఒక్క కేక వేస్తే ఆగిపోతాయి. ఎవరూ లేనప్పుడు మీదికొస్తే పరుగెత్తొద్దు, రాయి తీయొద్దు, మీ కుక్కని ఎత్తుకోవద్దు కూడా. ఎత్తుకుంటే దాన్ని అందుకోవడానికి అవి మన మీదికే ఎగురుతాయి. మీ కుక్కని వెనక్కి పెట్టుకుని, వాటి కళ్లలోకి చూడకుండా, మెల్లగా వచ్చిన దారినే వెనక్కి రండి. ఎవరికి పళ్లు దిగినా, గీరుకున్నా సరే, గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. మీ కుక్కకి టీకా వేసి ఉన్నా, కరిపించుకుంటే మళ్లీ డాక్టరుకి చూపించాల్సిందే.

ఉద్దానంలో ఇంకో సంగతి ఉంది, బయటి నుంచి వచ్చేవాళ్లకి ఎవరూ చెప్పరు. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు తోటల్లోకి జీడిపళ్లు, పనసపళ్ల కోసం ఎలుగుబంట్లు వస్తాయి. తెల్లవారుజామున, చీకటి పడ్డాక కుక్కని తోటలోకి వదలొద్దు. అది ఎలుగుని చూసి మొరిగి, భయమేసి మళ్లీ మీ దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, దాని వెనకే ఎలుగు. పాస్‌కి తీసుకెళ్లినా లైటు, గొలుసు ఉండాల్సిందే. జీడిపిక్కల కాలంలో కింద రాలిన పచ్చి పిక్కని కొరకనివ్వొద్దు, దాని పెంకులో ఉండే జీడి నోరంతా కాల్చేస్తుంది.

బారువ, కళింగపట్నం లాంటి చోట్ల సముద్రానికి తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది, మాకూ ఉంది. వెళ్లండి, కానీ గొలుసుతోనే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట గట్టెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో నూరుకి పైగా ఉంటాయి. కుక్క ముక్కుకి ఆ వాసన తెలిసిపోతుంది. నిమిషంలో తవ్వేస్తుంది. ఇసుక మీద ఆరబెట్టిన చేపలు, వలల పక్కన పడి ఉండే గాలాలు కూడా చూసుకోవాలి. సముద్రం నీళ్లు తాగితే విరేచనాలవుతాయి కాబట్టి ఒక సీసా మంచినీళ్లు పట్టుకెళ్లి మధ్య మధ్యలో తాగించండి, తిరిగొచ్చాక ఉప్పు పోయేలా కడగండి.

అరసవల్లి, శ్రీకూర్మం చూడాలనుకుంటే వంతులేసుకోండి, ఒకరు కుక్క దగ్గరుంటే ఇంకొకరు దర్శనానికి వెళ్లి రావచ్చు. తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టే కాలంలో కుక్కని అసలు తీసుకెళ్లొద్దు. పది నిమిషాలే కదా అని కారులో పెట్టి అద్దాలేసి వెళ్లిపోవద్దు. ఎండలో ఆగిన కారు లోపల ఆ పది నిమిషాల్లోనే సుమారు 10 డిగ్రీల వేడి పెరిగిపోతుంది, కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అది విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతోందంటే నీడకి తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి గాలి విసురుతూ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పశువుల అంబులెన్స్ నంబరు 1962, ఫోన్లో దాచుకోండి. పల్లెల్లో పశువైద్యశాల ఎక్కడుందో గెస్ట్ హౌస్ వాళ్లకే బాగా తెలుస్తుంది, దిగిన రోజే అడిగి పెట్టుకోండి. విజయనగరం వైపు ఉంటే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పాము కరిచిందని అనుమానమొస్తే కుక్కని నడిపించకుండా ఎత్తుకుని బండెక్కించండి, కట్లు కట్టి కోతలు పెట్టే పని వద్దు.

తిండి విషయంలో ఆ ఇంటివాళ్లు ప్రేమగా కోడి ఎముకలు, ఉల్లిపాయ కూర కలిపిన అన్నం పెడతారు. వద్దంటే నొచ్చుకుంటారేమో అని ఊరుకోకండి, ఉడికిన ఎముక పేగుల్లో గుచ్చుకుంటుంది, ఉల్లిపాయ కుక్క రక్తాన్ని పాడు చేస్తుంది. "పెరుగన్నం ఉంటే ఒక ముద్ద పెట్టండమ్మా" అంటే వాళ్లకీ సంతోషమే.

గది ఖాళీ చేసేటప్పుడు రాలిన వెంట్రుకలు మనమే ఊడ్చేయాలి, తోటలో అది వెళ్లిన చోటల్లా మనమే ఎత్తేయాలి, లేకపోతే తర్వాత వచ్చే కుక్కకి ఆ ఇంటి తలుపు తెరుచుకోదు. ఇంటికొచ్చిన రోజే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద గోమార్లున్నాయేమో వెతికి తీసేయండి. రెండు మూడు వారాల్లోపు తిండి మానేసినా, జ్వరమొచ్చినా, చిగుళ్లు పాలిపోయినా గోమారి జ్వరమేమో చూడమని డాక్టరుకి చెప్పి రక్తపరీక్ష చేయించండి, ఏ ఊరెళ్లి వచ్చారో కూడా చెప్పండి.