మూవ్‌సెట్ కట్టడం, 5వ పాఠం: మూడో దాడి ఎవరి కోసం?

పోకెమాన్ ఆటలో ఒక పోకెమాన్ పోరుకు తీసుకెళ్ళే నాలుగు మూవ్‌ల జాబితానే మూవ్‌సెట్. ప్రతి మూవ్‌కూ, ప్రతి పోకెమాన్‌కూ నిప్పు, నేల, గడ్డి లాంటి టైప్ ఉంటుంది. పోయిన పాఠంలో ఒక వాక్యం రాశాను. "నాలుగు మూవ్‌లూ నాలుగు వేర్వేరు టైప్‌లవి అయితే మంచిది." అది రాసినందుకు ఈ వారమంతా తలపట్టుకున్నాను. గార్‌చాంప్‌కు సెట్ కట్టి పంపమని అభ్యాసం ఇస్తే, వచ్చిన వాటిలో సగానికి పైగా ఒకే అచ్చు: ఎర్త్‌క్వేక్, స్టోన్ ఎడ్జ్, ఫైర్ ఫాంగ్, పాయిజన్ జాబ్. కొందరు పాయిజన్ జాబ్ తీసి చీకటి టైప్ మూవ్ క్రంచ్ పెట్టారు. నేల, రాయి, నిప్పు, విషం. నేను చెప్పినట్టే చేశారు కాబట్టి తిట్టడానికి కూడా లేదు. గార్‌చాంప్ డ్రాగన్, నేల టైప్‌ల పోకెమాన్. ఆ సెట్లలో ఒక్క డ్రాగన్ మూవ్ లేదు, బలం పెంచుకునే మూవ్ అంతకన్నా లేదు.

మా మేనల్లుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేలోపు ఇదే సెట్‌తో రెండు ఆటలు ఓడిపోయాడు. వచ్చీ రాగానే ఫోను నా ముందు పెట్టి, "మామయ్యా, కొట్టిన ప్రతి దెబ్బకూ 'సూపర్ ఎఫెక్టివ్' అని వస్తోంది. అయినా అవతలిది పడటం లేదు" అన్నాడు. స్పీడు గురించి ఈసారి రాస్తానన్నాను. అది వచ్చేసారికి వాయిదా. వాడి ఫిర్యాదు తీరితే తప్ప ముందుకు వెళ్ళి లాభం లేదు.

సొంత టైప్ మూవ్‌కు ఒకటిన్నర రెట్లు బలం అన్నది మీకు తెలిసిందే. భౌతిక దాడికి అటాక్, ప్రత్యేక దాడికి స్పెషల్ అటాక్ లెక్కలోకి వస్తాయన్నదీ తెలిసిందే. తెలియనివారు మొదటి పాఠం చదివి రండి. గార్‌చాంప్‌కు ఫైర్ బ్లాస్ట్ అనే ప్రత్యేక దాడి పెట్టిన ఇద్దరికి మాత్రం ఒక మాట. దాని మూల అంకెల్లో అటాక్ 130, స్పెషల్ అటాక్ 80. అటాక్‌కు పూర్తి శిక్షణ ఇస్తే 50వ లెవెల్‌లో అది 182 అవుతుంది, స్పెషల్ అటాక్ 100 దగ్గరే ఉండిపోతుంది. కుడిచేతి వాటం మనిషికి ఎడమచేతికి కత్తి ఇచ్చినట్టు.

ఇక అసలు గొయ్యి. తెర మీద 'సూపర్ ఎఫెక్టివ్' అని పడిందంటే ఆ మూవ్ బలం కనీసం రెట్టింపు అయిందని మాత్రమే అర్థం. మీ దగ్గరున్న మిగతా మూవ్‌లకన్నా అది గట్టిగా తగిలిందని కాదు. ఈ రెండింటికీ తేడా తెలియక ఓడిపోయేవాళ్ళను సికింద్రాబాద్‌లో మేం కూర్చునే ఇరానీ హోటల్‌లో ప్రతి ఆదివారం చూస్తున్నాను. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇప్పుడు అంకెలతో చెబుతున్నాను. కాగితం తీసుకోండి.

లెక్క చాలా చిన్నది. మూవ్ బలాన్ని రాయండి. సొంత టైప్ అయితే ఒకటిన్నరతో, ఆ తర్వాత అవతలి టైప్ ఇచ్చే గుణకంతో హెచ్చించండి. కొట్టేది ఒకే పోకెమాన్, రెండూ భౌతిక దాడులే అయినప్పుడు మిగతా సూత్రమంతా రెండు వైపులా ఒకటే కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఎర్త్‌క్వేక్ బలం 100. గార్‌చాంప్ చేతిలో అది 150. మామూలుగా తగిలితేనే 150 అన్నది గుర్తుపెట్టుకోండి. ఫైర్ ఫాంగ్ బలం 65. సొంత టైప్ కాదు. రెట్టింపుగా తగిలితే 130. అంటే 'సూపర్ ఎఫెక్టివ్' ఫైర్ ఫాంగ్‌కన్నా, తెర మీద ఏ మాటా పడని ఎర్త్‌క్వేక్ గట్టి దెబ్బ.

వీనసార్‌ను తీసుకోండి. "గడ్డి టైప్‌ల కోసం ఫైర్ ఫాంగ్" అని చాలామంది కారణం రాశారు, అందులో ముగ్గురు వీనసార్ పేరే రాశారు. వీనసార్ గడ్డి మాత్రమే కాదు, విషం కూడా. గడ్డి నేల దాడిని సగం చేస్తుంది, విషం రెట్టింపు చేస్తుంది, రెండూ కలిసి మామూలుగా తగులుతుంది. ఎర్త్‌క్వేక్ 150, ఫైర్ ఫాంగ్ 130. మీరు నాలుగు మూవ్‌ల గడుల్లో ఒకటి ఖర్చుపెట్టి 20 పోగొట్టుకున్నారు.

సరే, మెగానియం లాంటి ఒట్టి గడ్డి టైప్? అక్కడ ఎర్త్‌క్వేక్ 75కు పడిపోతుంది, ఫైర్ ఫాంగ్ 130. గెలిచారనుకుంటున్నారా? డ్రాగన్ క్లా బలం 80, సొంత టైప్ కాబట్టి 120. తేడా పది. ఆ పది కోసం మీ సెట్‌లోంచి డ్రాగన్ క్లాను తీసేశారు.

పాయిజన్ జాబ్ పెట్టినవారు "ఫెయిరీల కోసం" అన్నారు. క్లెఫేబుల్ మీద పాయిజన్ జాబ్ 160, ఎర్త్‌క్వేక్ 150. క్రంచ్ పెట్టినవారు సైకిక్ టైప్ అలకజామ్ పేరు చెప్పారు. మళ్ళీ 160, 150. అలకజామ్ మూల డిఫెన్స్ 45. పది తక్కువైనంత మాత్రాన దానికి ఒరిగేదేమీ లేదు. ఒకరు గెంగార్ కోసం క్రంచ్ పెట్టారు. గెంగార్‌లో విషం ఉంది. 7వ తరం ఆటల నుంచి దానికి గాలిలో తేలే లెవిటేట్ గుణం కూడా లేదు. ఎర్త్‌క్వేక్ అక్కడ 300.

కాబట్టి మూవ్‌ను ఎంచుకునేటప్పుడు "ఇది ఎవరిని కొడుతుంది?" అని అడగకండి. "ఇది లేకపోతే నేను ఎవరిని కొట్టలేను?" అని అడగండి. చార్మినార్ నాలుగు మినార్లూ మదీనా వైపే కట్టి ఉంటే ఎలా ఉండేదో మీ సెట్లు అలా ఉన్నాయి. రంగులు వేరు, కాపు కాసేది ఒకే దిక్కు.

ఆ ప్రశ్నతో గార్‌చాంప్‌ను మళ్ళీ మొదలుపెడదాం. ఎర్త్‌క్వేక్ ఎలాగూ ఉంటుంది. అది తగలనిది ఎగిరేవాటికి, తేలేవాటికి. డ్రాగన్ క్లా వాటిలో చాలావాటిని 120తో కొడుతుంది, అవతలిది డ్రాగన్ అయితే 240. రెండు గడులు నిండాయి. ఇప్పుడు ఈ రెండింటికీ లొంగనివి ఎవరో చూడండి. టోగెకిస్ ఎగురుతుంది, ఫెయిరీ కూడా. నేల దాడి సున్నా, డ్రాగన్ దాడీ సున్నా. కార్వినైట్ ఎగిరే ఉక్కు. నేల సున్నా, డ్రాగన్ క్లా సగమై 60. స్కార్మరీ టైప్‌లూ అవే, దానికీ ఇదే లెక్క. సైజర్ పురుగు, ఉక్కు. ఎర్త్‌క్వేక్ 150 తగులుతుంది, ఫైర్ ఫాంగ్ నాలుగు రెట్లై 260. ఫైర్ ఫాంగ్‌కు నిజమైన కారణం ఇదిగో ఇక్కడ దొరికింది. సైజర్ మీద 110 లాభం. కార్వినైట్ మీద స్టోన్ ఎడ్జ్ 100, ఫైర్ ఫాంగ్ 130. టోగెకిస్ మీద స్టోన్ ఎడ్జ్ 200, ఫైర్ ఫాంగ్ 65.

మూడో దాడి ఏదో ఇంకా తేలలేదు కదా? తేలదు. గార్‌చాంప్ ఒక్కదాన్నే చూస్తే ఎప్పటికీ తేలదు. మీ జట్టులో కరెంటు, నీటి టైప్‌ల రోటోమ్ వాష్ ఉంటే కార్వినైట్ సంగతి అది చూసుకుంటుంది, మీరు స్టోన్ ఎడ్జ్ పెట్టుకోండి. టోగెకిస్‌ను కొట్టేది ఇంకొకటి ఉంటే ఫైర్ ఫాంగ్. జట్టులో మిగతా ఐదింటి పేర్లు రాయకుండా సెట్ ఒక్కటే పంపి "బాగుందా?" అని అడిగితే నేనేం చెప్పాలి? పెళ్ళికొడుకు ఫోటో చూపించకుండా జోడీ బాగుందా అని అడిగినట్టు ఉంటుంది.

స్టోన్ ఎడ్జ్ గురించి నా పక్షపాతం దాచుకోను. దాని గురి 80 శాతం. వరుసగా రెండుసార్లు తగిలే అవకాశం 64 శాతం. నాకు 80 అంటే ఇష్టం లేదు, 70 అంటే అసహ్యం. గెంగార్‌కు అందరూ ఇచ్చే ఫోకస్ బ్లాస్ట్ 70. రెండూ తగిలే అవకాశం 49 శాతం, అంటే బొమ్మాబొరుసుకన్నా తక్కువ. లెక్క ప్రకారం ఫోకస్ బ్లాస్ట్ పెట్టడం సరైనదే అయిన జట్లు ఉన్నాయి, నాకన్నా బాగా ఆడేవాళ్ళు పెడతారు. నేను పెట్టను. ఓడితే నా తెలివితక్కువ వల్ల ఓడాలి కానీ పాచిక వల్ల కాదు. మీరు నన్ను అనుసరించనక్కర్లేదు.

నాలుగో గడి స్వోర్డ్స్ డాన్స్. ఒక వంతు (టర్న్) ఖర్చుపెడితే అటాక్ రెట్టింపు, ఎర్త్‌క్వేక్ 300. "ఆ వంతులో ఇంకో దెబ్బ కొట్టొచ్చు కదా" అని అడిగిన వారికి ఇదే లెక్క. డాన్స్ చేయకపోతే రెండు వంతుల్లో 150, 150, మొత్తం 300. డాన్స్ చేస్తే సున్నా, 300, మొత్తం అంతే. మూడో వంతు నుంచి లాభం. అటాక్‌ను ఒకటిన్నర రెట్లు చేసే చాయిస్ బ్యాండ్ అనే వస్తువు పట్టుకున్న గార్‌చాంప్ మొదటి వంతు నుంచే 225 కొడుతుంది. నాలుగు వంతులు గడిచేసరికి దానికీ డాన్స్‌కూ మొత్తం 900 దగ్గర సమం. అందుకే డాన్స్‌ను మొత్తాల కోసం పెట్టుకోరు. ఒక్క దెబ్బకు పడనిది ఒక్క దెబ్బకు పడటం కోసం పెట్టుకుంటారు. అవతలివాడు భయపడి పోకెమాన్‌ను మార్చుకునే వంతులోనే చేస్తారు. ఆ వంతు మీకు ఉచితం. చాయిస్ బ్యాండ్ అయినా, స్పీడు పెంచే చాయిస్ స్కార్ఫ్ అయినా పట్టుకుంటే మొదట వాడిన మూవ్‌కే కట్టుబడిపోతారు, పోకెమాన్‌ను మార్చేదాకా విముక్తి లేదు. స్కార్ఫ్ ఇచ్చి స్వోర్డ్స్ డాన్స్ పెట్టిన మహానుభావుడు ఒకరున్నారు. ఆయన గార్‌చాంప్ డాన్స్ చేస్తూనే చచ్చిపోయి ఉంటుంది.

ఇదంతా ఒకరికి ఒకరు ఆట. ఇద్దరికి ఇద్దరు ఆడేవారికి అంకెలు మారతాయి, ఈ సంగతి పోయినసారి చెప్పనే లేదు, క్షమించండి. ఒకేసారి ఒకరికన్నా ఎక్కువ మందికి తగిలే దాడి బలం ముప్పాతికకు తగ్గుతుంది. ఎర్త్‌క్వేక్ 150 కాస్తా 112.5. పైగా మీ పక్కవాడికీ తగులుతుంది. ఇప్పుడు డ్రాగన్ క్లా 120 దానికన్నా పెద్ద అంకె. ఒకరికి ఒకరు ఆటలో రెండో వరుసలో కూర్చున్న మూవ్ ఇక్కడ ముందుకొచ్చింది. ఒక గడి దాదాపు ఎప్పుడూ, ఆ వంతుకు దెబ్బ తగలకుండా కాపాడే ప్రొటెక్ట్‌కు పోతుంది. రాతి దాడి కావాలంటే స్టోన్ ఎడ్జ్ బదులు రాక్ స్లైడ్: బలం 75, గురి 90, ఇద్దరికీ తగులుతుంది, ముందుగా తగిలితే 30 శాతం సార్లు అవతలిది ఆ వంతు అదిరిపోతుంది. నాలాంటి వాళ్ళకు ఇది హాయి.

ఇద్దరికి ఇద్దరు ఆటలోనే "పనికొచ్చే మూవ్" అంటే ఏమిటో అందరికీ కళ్ళు తెరిపించిన పోకెమాన్ పచిరిసు. ఉడుతపిల్లంత. దాని మూల అంకెలన్నీ కలిపితే 405, గార్‌చాంప్‌వి 600. 2014లో వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ పోటీలో దక్షిణ కొరియాకు చెందిన సెజున్ పార్క్ దీన్ని జట్టులో పెట్టుకుని గెలిచాడు. దాని సెట్ నజ్ల్, సూపర్ ఫాంగ్, ఫాలో మీ, ప్రొటెక్ట్. నజ్ల్ బలం 20, కానీ తగిలితే పక్షవాతం దాదాపు ఖాయం. సూపర్ ఫాంగ్ అవతలిదానికి మిగిలిన ప్రాణంలో సగం తీస్తుంది, దెయ్యం టైప్ కాకపోతే చాలు, ఎంత డిఫెన్స్ ఉన్నా సరే. ఫాలో మీ పక్కవాడి మీదికి వచ్చే దెబ్బను తనవైపు లాక్కుంటుంది. పక్కన గ్యారడోస్ ఉందనుకోండి. దానికి కరెంటు దాడి నాలుగు రెట్లు తగులుతుంది. ఆ దాడిని పచిరిసు లాక్కుంటే, దాని వోల్ట్ అబ్సార్బ్ గుణం వల్ల దెబ్బ తగలకపోగా ప్రాణం పెరుగుతుంది. అదే జట్టులో గార్‌చాంప్ కూడా ఉంది. ఒక్క గడి కూడా "బలమైన దాడి" కోసం వాడలేదు, అయినా ఒక్క గడి కూడా మరోదాని పని చేయడం లేదు. పచిరిసు సెట్‌ను నా గార్‌చాంప్ పక్కన రాసుకుని పోల్చి చూడండి, నేను ఇక్కడ విడమరచను.

అభ్యాసం. టైరనిటార్, రాయి, చీకటి టైప్‌లు, అటాక్ 134. స్టోన్ ఎడ్జ్, క్రంచ్ ఖాయం అనుకోండి. మూడో దాడి ఎర్త్‌క్వేక్, ఐస్ పంచ్, ఫైర్ పంచ్‌లలో ఏదో తేల్చాలి. పంచ్‌లు రెండింటి బలం 75. ఊహించి రాయవద్దు. ఒక లాంగ్ నోటుబుక్ కొనండి, నేనైతే కోఠీలో కొంటాను, చవక. 18 టైప్‌లు విడివిడిగా 18 వరుసలు, జంటలుగా 153, మొత్తం 171 వరుసలు గీయండి. ప్రతి వరుసలో ఐదు మూవ్‌ల అంకెలు. స్టోన్ ఎడ్జ్, క్రంచ్ రెండింటిలో పెద్ద అంకెకు గుండ్రం చుట్టండి. మిగతా మూడింటిలో ఏది ఆ గుండ్రాన్ని ఎక్కువ వరుసల్లో, కనీసం 50 తేడాతో దాటుతుందో లెక్కపెట్టండి. అవును, 171. ఒక ఆదివారం పోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు రెండు ఆదివారాలు పోయాయి, మధ్యలో ఒక పేజీ మీద చాయ్ కూడా ఒలికింది.

గార్‌చాంప్ సెట్ మళ్ళీ పంపాలనుకునేవారు మూడో దాడి పక్కన ఒకే ఒక పోకెమాన్ పేరు రాసి, దాని కింద అంకెలు వేయండి. "ఉక్కు టైప్‌ల కోసం ఫైర్ ఫాంగ్" అని ఇంకెవరైనా రాస్తే ఆ కాగితం పక్కన పెట్టేస్తాను. ఒట్టి ఉక్కు మీద ఎర్త్‌క్వేక్ 300, ఫైర్ ఫాంగ్ 130.