గర్భసంచి గడ్డ సార్కోమా అయితే: ఆపరేషన్‌కు ముందూ తర్వాతా చేయవలసిన పనులు

గర్భసంచిలో గడ్డ ఉందని స్కానింగులో తేలిన స్త్రీలలో అత్యధికులకు అది ఫైబ్రాయిడ్ మాత్రమే, క్యాన్సర్ కాదు. అయితే ఫైబ్రాయిడ్ పుట్టే ఆ గర్భసంచి కండరపు గోడలోనే అరుదుగా లీయోమయోసార్కోమా అనే మెత్తటి కణజాలపు క్యాన్సర్ (సార్కోమాలలో ఒక రకం) కూడా పుడుతుంది. మామూలు స్కానింగులో రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి కనుక, జాగ్రత్త ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే మొదలుకావాలి.

ముట్లుడిగాక గడ్డ పెరిగినా, మళ్లీ రక్తం కనిపించినా ఎమ్మారై చేయించమని అడగండి. గర్భసంచి లోపలి పొరను గీకి చేసే ముక్క పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే ఈ క్యాన్సర్ ఉండేది గోడ లోపల. ఆపరేషన్‌కు ముందు దీన్ని కచ్చితంగా తేల్చి చెప్పగల పరీక్ష ఏదీ లేదు.

అందుకే సర్జన్‌ను తప్పక అడగవలసిన మాట ఒకటుంది: "డాక్టరుగారూ, గడ్డను ముక్కలు చేయకుండా తీస్తారా?" చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌లో పెద్ద గడ్డను మోర్సెలేటర్ అనే యంత్రంతో తరిగి బయటికి తీసే పద్ధతి ఉంది. లోపల దాగి ఉన్నది సార్కోమా అయితే ఆ తరుగు కడుపంతా చెదిరి జబ్బు ముదురుతుంది. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేయించుకునే ప్రతి 350 మందిలో ఒకరికి సార్కోమా ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. ఆ అంకె ఎక్కువని వాదించిన వైద్యులూ ఉన్నారు గానీ, ముట్లుడిగిన స్త్రీ విషయంలో మాత్రం కోత కాస్త పెద్దదైనా గడ్డను చెక్కుచెదరకుండా తీయించుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఆపరేషన్ అయ్యాక థియేటర్ తలుపు దగ్గర స్టీలు ట్రేలో గర్భసంచిని చూపిస్తే, ఇంట్లోవాళ్లు తలూపి వెనక్కి వచ్చేస్తారు. ఆ క్షణంలోనే, దాన్ని ఫార్మలిన్ పోసిన డబ్బాలో పరీక్షకు పంపుతున్నారో లేదో అడగాలి. రిపోర్టుతో పాటు స్లైడ్లు, గడ్డ ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు కూడా మనకు అవసరమవుతాయి.

రిపోర్టులో సార్కోమా అని ఉంటే, ఆ బ్లాకులను క్యాన్సర్ ఆసుపత్రిలోని పెథాలజిస్టుకు (ముక్క పరీక్ష చేసే డాక్టరుకు) మళ్లీ చూపించాలి. ఈ జబ్బు ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకు కాబట్టి ఛాతీకి, పొట్టకు సీటీ తీయిస్తారు. గడ్డను మాత్రమే తీసి ఉంటే గర్భసంచినంతా తీయవలసి వస్తుంది. వాపు కనిపించని లింఫ్ గ్రంథులను మామూలుగా తీయరు, చిన్న వయసు స్త్రీకి అండాశయాలను ఉంచే వీలూ కొన్నిసార్లు ఉంటుంది. మొదటి ఆపరేషన్‌లో గడ్డను ముక్కలు చేసి ఉంటే ఆ సంగతి దాచకుండా చెప్పాలి, ఎందుకంటే తర్వాతి చికిత్స దానిమీదే ఆధారపడుతుంది.

గర్భసంచి దాటని జబ్బును పూర్తిగా తీసేశాక, కీమో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని ఇప్పటివరకూ రుజువు కాలేదు. కాబట్టి డాక్టరు "గమనిస్తూ ఉందాం" అంటే వదిలేశారని బాధపడవద్దు. జబ్బు పాకి ఉంటే కీమో మందులైన డాక్సోరూబిసిన్ గానీ, జెమ్‌సిటాబిన్, డోసిటాక్సెల్ కలిపి గానీ ఇస్తారు. ఊపిరితిత్తిలో ఒకటి రెండు మచ్చలే ఉంటే వాటిని కోసి తీయడం గురించీ ఆలోచిస్తారు. డాక్సోరూబిసిన్‌కు ముందు గుండె ఎకో తప్పనిసరి. ఆ మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. కానీ జ్వరం 100.4 డిగ్రీలు చేరితే తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి.

హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె., విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా వంటి క్యాన్సర్ ఆసుపత్రులలో సర్జన్, కీమో వైద్యులు కలిసి నిర్ణయం తీసుకుంటారు. వెళ్లేటప్పుడు ఆరోగ్యశ్రీ లేదా వైద్య సేవ కార్డుతో పాటు మొదటి ఆపరేషన్ నోట్సు నకలు, బ్లాకులు తీసుకువెళ్లండి. చికిత్స ముగిశాక మొదటి రెండు మూడేళ్లూ మూడు నాలుగు నెలలకోసారి పరీక్షకు వెళ్లాలి.