నల్ల అల్లాయ్ ఒక్క ఎండాకాలానికే తెల్లబడిందా? రంగు సంగతి తర్వాత, ముందు పౌడర్ పెట్టె చూడండి

"అన్నా, సంక్రాంతికి రిమ్ములకు మ్యాట్ బ్లాక్ కొట్టించిన, వానలు పడేసరికి బూడిద పూసినట్టయింది. ఓవెన్‌లో సరిగ్గా కాల్చలేదంటవా?"

హనుమకొండలో నా దగ్గరికి వచ్చే చక్రాల్లో చాలా వాటి కథ ఇదే. ఇక్కడ రంగు అంటే పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగును గన్నుతో కొట్టి, ఓవెన్‌లో కాల్చి కరిగించి పట్టించే పని. అడిగిన ప్రతి ఒక్కరినీ నేను తిరిగి అడిగేది ఒకటే: వేలితో రుద్ది చూశావా? చూసి ఉండరు. షాంపూ మార్చి ఉంటారు, పాలిష్ కొని ఉంటారు, షాపువాడితో గొడవ కూడా పెట్టుకుని ఉంటారు, కానీ అర నిమిషం పట్టే ఆ పని మాత్రం ఎవరూ చేయరు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నా. చక్రం విప్పడం, టైరు తీయడం, బేరింగ్ కొట్టడం మీకు తెలుసు అనుకునే రాస్తున్నా.

చక్రం తెల్లగా, బూడిదగా కనిపిస్తోంది

చక్రాన్ని నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన తర్వాత ఎండ బాగా తగిలే చోట, అంటే అంచు మీదో స్పోక్ ముఖం మీదో, పొడి వేలితో గట్టిగా రుద్దండి.

వేలికి ఏమీ అంటకుండా తెల్ల మచ్చలు మచ్చలుగానే ఉంటే అది బోరు నీళ్ల ఉప్పు. ఎండలో బండి కడిగి అలాగే వదిలేస్తే నల్ల చక్రం మీద ప్రతి చుక్కా అచ్చుపడుతుంది. సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి గుడ్డతో తుడిచి వెంటనే మంచినీళ్లతో కడిగితే పోతుంది. ఇకనుంచి నీడలో కడగండి, కడిగాక తుడవండి.

మ్యాట్ చక్రం మీద మూలల్లోనూ బోల్టుల చుట్టూ తెల్లగా పేరుకుని, మిగతా చోట బాగుంటే అది మైనం పాలిష్. గ్లాసీ రంగు కోసం అమ్మే పాలిష్‌ను మ్యాట్ మీద పూయకూడదు, ఆ గరుకులో ఇరుక్కుని బయటికి రాదు. గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్, కొంచెం ఓపిక ఉంటే చాలు.

వేలికి మెత్తని పొడి అంటితే, చాక్‌పీసు పట్టుకున్నట్టు ఉంటే, తడి చేయగానే చక్రం మళ్లీ నల్లగా మెరిసి ఆరగానే తెల్లబడితే, అప్పుడు అసలు రోగం దొరికినట్టే. దీన్ని చాకింగ్ అంటారు. నేను రెండుసార్లు దెబ్బతిన్నది దీనితోనే.

నా సొంత పల్సర్‌కు ఒక షాపులో నలుపు కొట్టించాను. పని శుభ్రంగా చేశారు, ఎక్కడా కారలేదు, అంచులు కూడా నీట్‌గా వచ్చాయి. మే నెల అయ్యేసరికి ముందు చక్రం పాత పలకలా తయారైంది. షాపతను మంచివాడే, మాట అనకుండా గీకించి మళ్లీ ఉచితంగా కొట్టి ఇచ్చాడు. ఈసారి ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంచమన్నాను, దగ్గరే నిలబడి చూశాను. తర్వాతి ఎండాకాలంలో మళ్లీ అదే. ఓవెన్ వేడి మీద, కడిగే షాంపూ మీద, సాండ్ బ్లాస్టింగ్ మీద, ఆఖరికి మా వీధి బోరు నీళ్ల మీద కూడా అనుమానపడ్డాను. మూడోసారి వెళ్లినప్పుడు మూలన ఉన్న పౌడర్ అట్టపెట్టె మీద చీటీ కనిపించింది. షేడ్ నంబరు కింద చిన్న అక్షరాల్లో ఎపాక్సీ పాలిస్టర్ అని ఉంది. ఆ షాపులో రోజూ జరిగే పని బీరువాలు, ఆఫీసు ర్యాకులు. వాటికి అది సరైన పౌడరే, ఎందుకంటే బీరువా జీవితమంతా గోడ పక్కన నీడలోనే ఉంటుంది.

సంగతేమిటంటే, పౌడర్‌లో రంగు వేరు, ఆ రంగును పట్టి ఉంచే రెసిన్ వేరు. ఎపాక్సీ రెసిన్ లోహాన్ని బ్రహ్మాండంగా పట్టుకుంటుంది, పెట్రోలు, గ్రీజు పడినా చలించదు, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకోలేదు. పైపొర విరిగిపోతూ ఉంటే దానిలోని రంగు రేణువులు పట్టు తప్పి పొడిగా పైకి తేలతాయి. ఎపాక్సీ, పాలిస్టర్ కలిపిన దాన్ని హైబ్రిడ్ అంటారు. అందులో సగం దాకా ఎపాక్సీ ఉండొచ్చు, కాబట్టి అది కూడా కొంచెం ఆలస్యంగానైనా అదే దారి పడుతుంది. బయట ఎండలో తిరిగే వస్తువుకు కావాల్సింది ప్యూర్ పాలిస్టర్. కొట్టిన రోజు ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే నేను కూడా కంటితో గుర్తుపట్టలేను. అందుకే ఇది ఇంతమందిని మోసం చేస్తుంది, పైగా మన రామగుండం వైపు, భూపాలపల్లి వైపు ఎండలు 45 డిగ్రీల దగ్గర కాస్తుంటే రోజంతా గని గేటు బయట నిలబెట్టిన బండి ఎంతని తట్టుకుంటుంది?

ఎండే కారణమని రుజువు కావాలంటే డిస్క్ వెనకాల హబ్బు మీద చూడండి. బ్యాలెన్స్ బరువు అంటించి ఉంటే దాన్ని తీసి కింద చూడండి. అక్కడ నలుపు నలుపులాగే ఉండి, బయటి ముఖం మాత్రం వెలిసిపోయి ఉంటే ఇక వేరే కారణం వెతకొద్దు. ఓవెన్‌లో తప్పు జరిగి ఉంటే రెండు చోట్లా ఒకేలా ఉండేది.

ఇప్పుడేం చేయాలి? రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దితే గ్లాసీ రంగు తిరిగి వస్తుంది, కొన్ని వారాలు ఉంటుంది, మళ్లీ తెల్లబడుతుంది. పెళ్లికో ఫొటోకో అయితే సరే. మ్యాట్ మీద అది కూడా వద్దు, రుద్దిన చోట మెరుపు వచ్చి మచ్చలు పడతాయి.

శాశ్వతంగా బాగు చేయాలంటే పాత కోటింగ్ మొత్తం గీకించాల్సిన పని లేదు, ఇది చాలామందికి తెలియదు. చాకింగ్ పైపొరకే వస్తుంది, కింద ఎపాక్సీ గట్టిగానే పట్టుకుని ఉంటుంది, నిజానికి ప్రైమర్‌గా అంతకంటే మంచిది లేదు. 320 నంబరు కాగితంతో నీళ్లు పోస్తూ రుద్దండి, వేలికి పొడి అంటడం పూర్తిగా ఆగేదాకా రుద్దండి, మూలల్లో కూడా. కడిగి, ఆరబెట్టి, నూనె జిడ్డు లేకుండా తుడిచి, దాని మీద ప్యూర్ పాలిస్టర్ కొట్టించండి. పొడి మిగిలిపోతే కొత్త పొర ఆ పొడినే పట్టుకుంటుంది, చక్రాన్ని కాదు, తర్వాత రేకులు రేకులుగా లేస్తుంది. ఎక్కడైనా పెచ్చు లేచి ఉంటే, తుప్పు బుడగ ఉంటే మాత్రం అల్లాయ్ కనిపించేదాకా తీయించాల్సిందే.

కొత్తగా కొట్టించేవాళ్లు డబ్బు ఇచ్చే ముందు అట్టపెట్టె తెప్పించి చీటీ చదవండి. చీటీ మీద పాలిస్టర్ అన్న మాట ఎపాక్సీ లేకుండా ఒంటరిగా ఉండాలి. షేడ్, మెరుపు స్థాయి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎన్ని డిగ్రీల దగ్గర ఎన్ని నిమిషాలు కాల్చాలి అన్నవి కూడా అక్కడే ఉంటాయి, ఫొటో తీసుకోండి. పెట్టె లేదు, డబ్బాలో పోసి పెట్టాం అంటే, ఎంత తెలిసినవాడైనా సరే, నేను చక్రం దించను. ముందే ప్లాన్ ఉంటే అదే పౌడర్‌తో చిన్న రేకు ముక్క కొట్టించుకుని, సగం అల్యూమినియం ఫాయిల్‌తో కప్పి, ఏప్రిల్, మే నెలలు మిద్దె మీద పడేయండి. ఫాయిల్ తీసిన రోజు మీకే తెలుస్తుంది.

బండికి బిగించాక కార్డులోని రంగులా లేదు

షేడ్ కార్డును షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి ఒప్పుకున్నారు, అంతే. ఉదయం పదింటి ఎండలో, మీ బండి ట్యాంకు పక్కన పెట్టి చూడండి, తర్వాత నీడలో చూడండి. రాల్ (RAL) అంటే రంగులకు నంబర్లు ఇచ్చే పద్ధతి. రాల్ 7016 బూడిద రంగు లోపల చూస్తే బొగ్గులా ఉంటుంది, ఎండలోకి రాగానే నీలం ఛాయ తేలుతుంది, ఎరుపు ట్యాంకుతో కలవదు. రాల్ నంబరు రంగును మాత్రమే చెబుతుంది, మెరుపును చెప్పదు. 9005 నలుపు అంటే గ్లాసీ ఉంది, సగం మెరుపుండే సాటిన్ ఉంది, మెరుపు లేని మ్యాట్ ఉంది, ఇసుక గరుకులా ఉండే టెక్స్చర్ కూడా ఉంది. ఒకే నంబరైనా మ్యాట్ కొంచెం తెలుపెక్కినట్టే కనిపిస్తుంది, అది తప్పు కాదు. నంబరుతో పాటు ఫినిష్ పేరు బిల్లు మీద రాయించుకోండి.

కంపెనీ సిల్వర్‌కు పౌడర్ సిల్వర్ అచ్చంగా కలవదు, కాబట్టి ఒక్క చక్రం మాత్రమే కొట్టించే ఆలోచన మానుకోండి. క్యాండీ ఎరుపు, క్యాండీ నీలం లాంటివైతే మరీ జాగ్రత్త, కింద మెరిసే పొర మీద పారదర్శక రంగు ఎంత మందంగా పడితే అంత ముదురుగా వస్తుంది. రెండు చక్రాలూ ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి, ఒకే చేతితో పడాలి. రేడియం రంగులు, అంటే ఆ మెరిసే పచ్చ, ఆ నారింజ, మన ఎండకు త్వరగా పాలిపోతాయి. నేను వద్దనే చెబుతాను.

ఇక మన రోడ్ల సంగతి. మేడారం జాతరకు వెళ్లొచ్చిన తర్వాత టెక్స్చర్ చక్రాన్ని కడిగినవాళ్లకు తెలుసు, ఆ దుమ్ము గరుకులోంచి ఓ పట్టాన రాదు. రేగడి పొలాల మీదుగా రోజూ వెళ్లేవాళ్లకు కూడా టెక్స్చర్ వద్దు. తెలుపు, బంగారు రంగు ముందు చక్రానికి అందంగానే ఉంటాయి, వెనక చక్రం మీద చైన్ స్ప్రే నల్ల చుక్కలు పడుతూనే ఉంటాయి, వారానికోసారి తుడిచే అలవాటు ఉంటేనే పెట్టుకోండి. రోజువారీ బండికి నేనైతే సాటిన్ ముదురు బూడిద కొట్టిస్తాను. గీత కనిపించదు, దుమ్ము కనిపించదు, ఒక్క గుడ్డతో శుభ్రమవుతుంది.

సూది గుచ్చినట్టు రంధ్రాలు, చిన్న బుడగలు

పోత పోసిన అల్లాయ్‌లో సన్నని రంధ్రాలుంటాయి, వాటిలో గాలి, పాత నూనె దాక్కుంటాయి. ఓవెన్‌లో పౌడర్ కరిగిన సమయంలో అవి పైకి తన్నుకొస్తాయి. అంతకుముందు ఖాళీ చక్రాన్ని ఒకసారి కాల్చి, ఉన్నదంతా బయటికి వచ్చేలా చేసి, చల్లార్చి, తుడిచి అప్పుడు కొట్టాలి. 180 డిగ్రీలకు కాలే పౌడర్ అయితే ఖాళీ చక్రాన్ని 190 నుంచి 200 దాకా తీసుకెళ్తే సరిపోతుంది. 200 దాటనివ్వకండి, గంటల తరబడి ఉంచనివ్వకండి, వేడితో గట్టిపరచిన అల్లాయ్ అయితే ఆ బలం తగ్గుతుంది. రంధ్రాలు కాకుండా గుండ్రంగా చేపకన్నులా రంగు పక్కకు జరిగి ఉంటే అది సిలికాన్, మీరు టైరు మెరుపు కోసం కొట్టిన స్ప్రే. ఇచ్చే ముందు అది మానేసి బాగా కడిగించండి.

టైరు మార్పిస్తే అంచు ఊడింది

పంచర్ షాపులో రాడ్డు తగిలి ఒకచోట గీత పడటం మామూలే. రేకులా లేస్తే మాత్రం సరిగ్గా కాలలేదనో, కింద శుభ్రం చేయలేదనో అర్థం. కనిపించని మూలలో థిన్నర్ గుడ్డతో ఇరవైసార్లు రుద్దండి. కొంచెం మెరుపు తగ్గితే ఫర్వాలేదు, మెత్తబడి జిగటగా అయితే కాలలేదు. ఓవెన్ మీటరు చూపేది లోపలి గాలి వేడి. హబ్బు మందం లోహం, అది వేడెక్కిన తర్వాతే నిమిషాలు లెక్కపెట్టాలి. సన్నని గ్రిల్స్ కాల్చే అలవాటు ఉన్న షాపుల్లో ఇదే జరుగుతుంది.

బుల్లెట్ క్రోమ్ రిమ్ము అయితే క్రోమ్ మీద నేరుగా పౌడర్ నిలవదు, క్రోమ్ తీయించాలి. మెరిసేలా లేత్ మీద తిప్పిన అంచు ఉన్న చక్రాల్లో క్లియర్, అంటే రంగులేని పైపొర, కింద తెల్ల పురుగు పాకినట్టు గీతలు వస్తే, రాయి తగిలిన చోట తేమ దూరిందని. పై నుంచి ఏం పూసినా ఆగదు, ఆ అంచు మొత్తం తీసి రంగే కొట్టించడం మేలు. పాత రంగు వదిలించడానికి ఇనుప సామాను ముంచే కాస్టిక్ తొట్టిలో మాత్రం వేయనివ్వకండి, అల్యూమినియాన్ని అది తినేస్తుంది.

కొట్టించాక డిస్క్ ఊగుతోంది, బోల్టులు వదులవుతున్నాయి

ఇది అందం సమస్య కాదు, బ్రేకు సమస్య, అదే రోజు బండి ఆపండి. డిస్క్ కూర్చునే ముఖం మీద కూడా పౌడర్ కొట్టేశారు. 60 నుంచి 80 మైక్రాన్ల పొర బోల్టు కింద నలిగి అణిగిపోతుంది, బిగువు పోతుంది. డిస్క్ విప్పి ఆ ముఖాన్ని లోహం కనిపించేదాకా చదునుగా గీకించి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో బిగించండి. బేరింగ్ గూడు, డ్రమ్ లోపలి వైపు, యాక్సిల్ స్పేసర్ ముఖాలు, మరలు, ఇవన్నీ కొట్టే ముందే మూయించాలి. గుంతలో పడి వంగిన రిమ్ము ఉంటే అది కూడా ముందే సరిచేయించండి, పగుళ్లు ముందే చూడండి, పౌడర్ పడితే సన్నని పగులు కనిపించదు.

తెలుపు పసుపెక్కితే ఎక్కువ కాలింది. గడ్డలు గడ్డలుగా పడితే పౌడర్ పాతదో, ఎండాకాలం రేకుల షెడ్డులో ఉడికిందో. మధ్యలో వేరే రంగు చుక్కలుంటే గన్ను శుభ్రం చేయలేదు. ఈ మూడూ అరుదు, షాపువాడి బాధ్యతే, చక్రం తిరిగి ఇచ్చి మళ్లీ కొట్టించుకోండి.