గోడబొమ్మ నేర్చుకుందాం – 6వ పాఠం: ఒక రోజు గచ్చు

మూడో పాఠంలో నానబెట్టిన సున్నం ఈపాటికి వెన్నలా అయి ఉంటుంది. పోయినసారి వేసిన ముతక పొర మీద ఇవాళ దాన్ని పూసి, పచ్చిగా ఉండగానే బొమ్మ వేద్దాం.

ఇలా పచ్చి గచ్చు మీద బొమ్మలు వేసిన చిత్రకారుడు జాఁ షార్లో 1898లో పారిస్‌లో పుట్టారు. 1921లో తల్లితో మెక్సికో చేరారు. మరుసటి ఏడాది మెక్సికో నగరంలోని జాతీయ ప్రిపరేటరీ పాఠశాలలో మెట్లదారి గోడ మీద, 1520లో పండుగ నాట్యంలో ఉన్న అజ్టెక్ జనాన్ని స్పానిష్ సైనికులు ఊచకోత కోసిన ఘట్టం మొదలుపెట్టారు. 1923లో పూర్తయిన ఆ బొమ్మ మీద తన పేరుతో పాటు తాపీమేస్త్రీ లూయిస్ ఎస్కోబార్ పేరూ రాశారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే. గోడబొమ్మలో సగం తాపీ పనే.

ఈ పచ్చి గచ్చు బొమ్మ రంగుల్లో జిగురు ఉండదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిగా మారుతూ రంగును తనలో బిగించుకుంటుంది. ఆ అవకాశం తడి ఉన్నంతసేపే. అందుకే ఒక రోజులో వేయగలిగినంత మేరకే గచ్చు పూయాలి. ఇటలీవాళ్లు ఆ మేరను జోర్నాతా అంటారు. రేపటి గచ్చుతో కలిసే అతుకు చీర అంచులోనో, గట్టు గీతలోనో దాగాలి.

అడుగు చదరం చాలు. గోడను ముందురోజు రాత్రే తడపండి. సున్నం ఒక పాలు, కడిగి జల్లించిన గోదావరి ఇసుక ఒకటిన్నర పాళ్లు. సముద్రపు ఇసుక వద్దు. అంతర్వేది వైపు ఉండేవారు ఉప్పు బోరునీటిని దగ్గరకు రానివ్వకండి, వాననీరు పట్టుకోండి. ఉప్పు పైకి తేలితే బొమ్మ పొడిలా రాలిపోతుంది.

కావి, పసుపుపచ్చ మన్ను, బొగ్గుపొడి నీళ్లతో నూరుకోండి. వంటింటి పసుపు పనికిరాదు. సున్నం తగిలితే అది ఏమవుతుందో పారాణి కలిపినవారికి తెలుసు.

పూసిన గచ్చులో వేలు దిగకుండా, చల్లగా తగిలినప్పుడు కుంచె పట్టండి. గచ్చు రంగును గుంజుకోవడం మానిందంటే ఆ రోజు పని అయిపోయినట్టే. నేను ఒకసారి ఆగలేక, ఆరిన చోట ఒక చేతిని దిద్దాను. వానాకాలం దాటేసరికి ఆ చేయి మొత్తం నా వేళ్లకు అంటింది. రంగు వేయని గచ్చును అంచు వెంట ఏటవాలుగా కోసి తీసేయండి.

షార్లో మెక్సికోలో అజ్టెక్ జనం భాష నహువాత్ల్ నేర్చుకున్నారు, 1949లో హవాయి చేరాక హవాయి భాష నేర్చుకున్నారు. అలాగే మీరూ ఉన్నచోటివాళ్ల దగ్గర నేర్చుకోండి. గానుగ సున్నంతో పనిచేసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా మీ ఊళ్లో ఉన్నారేమో కనుక్కోండి. వచ్చే పాఠంలోపు ఆయన ఎదుట పక్కపక్కనే మూడు చదరాలు, మూడు రోజుల్లో వేయండి.