చైనా ఆకాశం, పడమటి లెక్క – 3వ పాఠం: నీడ పొడవు ముందే చెప్పడం

పోయిన పాఠంలో చైనావాళ్ళ 365¼ భాగాల వృత్తాన్ని 360 డిగ్రీల్లోకి మార్చాం కదా. ఈసారి ఎండలోకి వెళ్ళి చేసే పని.

1665లో బీజింగ్‌లో యాంగ్ గ్వాంగ్‌షియన్ అనే పండితుడి ఫిర్యాదుతో జెసూట్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన పాదిరి ఆడమ్ షాల్‌కి మరణశిక్ష పడింది. ఆయన బతికి బయటపడ్డాడు గానీ, ఖగోళ కార్యాలయంలో ఆయనతో పనిచేసిన ఐదుగురు చైనా అధికారుల తలలు తీసేశారు. వాళ్ళ సంగతి తల్చుకోకుండా ఈ పాఠం చెప్పబుద్ధి కాదు నాకు. మూడేళ్ళ తర్వాత, 1668 డిసెంబరులో, పద్నాలుగేళ్ళ కాంగ్‌షీ చక్రవర్తి యాంగ్ పక్షానికీ పాదిరీల పక్షానికీ మూడు రోజులు ఒకటే పరీక్ష పెట్టాడు: నిలబెట్టిన కర్ర నీడ మిట్టమధ్యాహ్నం ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పండి. ఫెర్డినాండ్ వెర్బీస్ట్ అనే పాదిరి మూడు రోజులూ చెప్పగలిగాడు, అవతలివాళ్ళు చెప్పలేకపోయారు. మరుసటి ఏడాది కార్యాలయం ఆయన చేతికొచ్చింది.

ఆ కర్రే మన శంకువు, శంకుస్థాపనలో ఉన్నదే.

లెక్క ఇదీ. సూర్యుడి ఎత్తు (డిగ్రీల్లో) = 90 − అక్షాంశం + క్రాంతి. క్రాంతి అంటే ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా (+) లేదా దక్షిణంగా (−) ఉన్నాడో చెప్పే అంకె. నీడ = కర్ర పొడవు ÷ ట్యాన్ (ఎత్తు). ట్యాన్ అంటే త్రికోణమితిలోని టాంజెంట్.

బీజింగ్ అక్షాంశం 39.9. డిసెంబరు 27న క్రాంతి −23.3, అంటే ఎత్తు 26.8, దాని ట్యాన్ 0.505, కాబట్టి మీటరు కర్రకి నీడ 198 సెంటీమీటర్లు. చాలామంది ఇక్కడ మైనస్ మర్చిపోయి 23.3 కలిపేస్తారు, 30 సెంటీమీటర్లు వస్తుంది. అది జూన్ నీడ! చలికాలంలో అంత పొట్టి నీడ వస్తే వెంటనే అనుమానం రావాలి.

ఇప్పుడు మీ డాబా మీద. హైదరాబాద్ అయితే అక్షాంశం 17.4, అదే రోజుకి 86 సెంటీమీటర్లు రావాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకోండి. గడియారంలో పన్నెండు కొట్టగానే కొలవకండి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణమే అసలు మధ్యాహ్నం, అందుకని పదకొండున్నర నుంచి అయిదు నిమిషాలకోసారి సుద్దముక్కతో గుర్తు పెడుతూ పోవాలి. దగ్గరికి వంగి చూస్తే నీడ కొస గీతలా తెగిపోదు, సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల మేర మసగ్గా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. ఆ మసక మధ్యలో గుర్తు పెట్టండి. బీజింగ్‌లో చలికాలపు పొడవాటి నీడకి ఆ మసక నాలుగున్నర సెంటీమీటర్లు దాటుతుంది, వెర్బీస్ట్ గెలుపు ఎంత కష్టమైనదో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అభ్యాసం: జూన్ 21, క్రాంతి +23.4, బీజింగ్‌లో రెండు మీటర్ల కర్ర. నీడ ఎంత? జవాబు వచ్చే పాఠంలో, 1673 నాటికి వెర్బీస్ట్ పోత పోయించిన కంచు పరికరాలతో పాటు.